పన్నెండో గోడ

ఫిబ్రవరి 11, మంగళవారం

అత్తా,

నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తున్నాను అని మొదలుపెడితే, “తలవడమెందుకే, వచ్చి చూడు” అంటావు. అందుకని నేరుగా పనిలోకి దిగుతున్నాను. ఫోను చేస్తే నీకు వినబడదు. ఒక చెవి కాంక్రీటు గోడలు పోసే బల్లల అదురుడుకి పోయింది, రెండోది క్రేను హారనుకు అంకితం చేశావు. కనుక పాత పద్ధతే. డ్రాయింగుల చుట్ట మధ్యలో ఉత్తరం పెట్టి వ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను. మీ యార్డులో ఆయన్ని రేడియో అంటారని ఇవాళే తెలిసింది. ఎందుకంటారో రెండు నిమిషాల్లో అర్థమైంది.

ఇక నా గొప్పలు విను. నేను ఈ ఆఫీసులో చేరేనాటికి మన ఆరంతస్తుల బిల్డింగు కంప్యూటరు మోడల్, ఇల్లు మారిన మొదటి రోజు సామానులా ఉండేది. గోడలు, స్లాబులు, మెట్లు, పిట్టగోడలు అన్నీ కలిపి పద్నాలుగు వందల కాంక్రీటు ముక్కలు, ఒకే కుప్ప. తెర మీద బిల్డింగు చక్కగా నిలబడి కనిపిస్తుంది. కానీ “రెండో అంతస్తు గోడల్లో యార్డులో పోత అయినవి ఎన్ని?” అని అడిగితే చెప్పే నాథుడు లేడు. నేను కూర్చుని దానికి అల్మరా కట్టాను. అంతస్తుకో అర. అరలో గోడలు ఒక పక్క, స్లాబులు ఒక పక్క. వాటిలో మళ్లీ పోసినవి, పోయవలసినవి, లారీ ఎక్కినవి. చివర్లో నంబర్లన్నీ వరస కుదిరేలా మళ్లీ వేయించాను. ఇప్పుడు ఏ ముక్క అడిగినా క్షణంలో చెబుతాను.

మా చీఫ్ నా కుర్చీ వెనక నిలబడి చూసి “ఊఁ” అన్నారు. నాలుగు నెలల్లో ఆయన నన్ను చూసి “ఊఁ” అనడం ఇదే మొదలు. నెలాఖరుకి నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం రావాలి. వచ్చేదాకా నాకు కుదురు లేదు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

కొత్త డ్రాయింగులు, జాబితా పెట్టాను. పాతవి ఎప్పటిలాగే అదే వ్యానులో తిప్పి పంపు. చింపేస్తాం.

నీ గీతల పిల్ల


ఫిబ్రవరి 11, సాయంత్రం

ఒసే గీతల పిల్లా,

చిన్నప్పుడు మా ఇంటి గోడల నిండా బొగ్గుతో గీతలు గీసి నా చేత తన్నులు తిన్నదానివి. ఇప్పుడు ఆ గోడలే గీసి నాకు పంపి పోయించు, దాచు, లారీ ఎక్కించు అంటున్నావు. రోజులు మారాయమ్మా.

జాబితా బాగుంది. నిజంగా బాగుంది. పదిహేడేళ్ల నుంచీ ఈ యార్డులో సూపర్‌వైజరుగా ఉన్నాను, ఇంత శుభ్రమైన కాగితం ఎప్పుడూ చేతికి రాలేదు. మేనేజరుకి చూపించి “మా మేనకోడలు కట్టింది” అన్నాను. అతను తల ఊపాడు. అంతకంటే ఎక్కువ మెచ్చుకుంటే అతని మెడ పట్టేస్తుంది.

ఒక్క విషయం. 131 నంబరు గోడ పోత అయింది, యార్డులో ఉంది అని రాశావు. గోడలు నిలబెట్టే స్టాండులన్నీ రెండుసార్లు తిరిగాను, కనబడలేదు. రేపు పొద్దున్న వెలుతురులో మళ్లీ చూస్తాను. రెండో అంతస్తుకి అదే ముందు కావాలని బిల్డింగు దగ్గరివాళ్లు తొందర పెడుతున్నారు.

మీ నాన్నను చలిలో తిరగవద్దన్నానని చెప్పు. నా తమ్ముడే గానీ నా మాట వినడు.

నీ అత్త


ఫిబ్రవరి 14, శుక్రవారం

అత్తా,

నాలుగు టన్నుల గోడ తప్పిపోయిందా! దానికి కాళ్లు లేవు, ఎవరూ చంకలో పెట్టుకుని పోలేరు. పోయిందల్లా నీ బుర్రలోంచే అయి ఉంటుంది. తాతయ్య కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికించేవాడు, జ్ఞాపకముందా? ఆయన కూతురివి అనిపించుకున్నావు.

నా అల్మరాలో 131 పక్కాగా ఉంది. రెండో అంతస్తు అర, ఎడమ వైపు కిటికీ ఉన్న గోడ, పోత అయిన తేదీ ఫిబ్రవరి 3. కంప్యూటరు మరిచిపోదు కదా. ఇంకోసారి వెతుకు.

నాన్న చలిలో తిరగడం మానలేదు. “అక్క చెప్పింది” అంటే నవ్వి కోటు వేసుకున్నాడు, అంతే.

చీఫ్ నా అల్మరాను వచ్చే వారం ఆఫీసు మొత్తానికి చూపించమన్నారు.

నీ గీతల పిల్ల


ఫిబ్రవరి 18, మంగళవారం

డ్రాయింగు ఆఫీసుకు,

మీరు పంపిన జాబితా ప్రకారం పోత అయి యార్డులో ఉండవలసినవి, కనిపించనివి ఈ రోజుకు పన్నెండు. నంబర్లు వెనక రాశాను. వెతుకుతున్నాం. దొరకని పక్షంలో మళ్లీ పోయించాలని మేనేజరు అభిప్రాయం.

పాత డ్రాయింగులు వ్యానులో పంపాను. అందినట్టు సంతకం పెట్టి పంపగలరు.

యార్డు సూపర్‌వైజరు


ఫిబ్రవరి 21, శుక్రవారం

అత్తా,

ఏమైంది? “మీరు”, “పంపగలరు” ఏమిటి? నేను పుట్టినప్పటి నుంచి నువ్వు నన్ను “మీరు” అన్నది లేదు. ఒసే లేదు, తిట్టు లేదు, నాన్న సంగతి లేదు. ఉత్తరం తిప్పి చూశాను, వెనక అంకెలే ఉన్నాయి.

సరే, నాకు తెలిసింది చెబుతాను. మొన్న నువ్వు మేనేజరు గదిలో తలుపు వేసుకుని గంటసేపు కూర్చున్నావట, చేతిలో కాగితం ఉందట, బయటికి వచ్చినప్పుడు మొహం ఎర్రగా ఉందట. నేను అడగలేదు, రేడియో తనంతట తనే మోగాడు. నా జాబితా మీద ఫిర్యాదు రాసిచ్చావా? రాస్తే రాశావు, న్యాయమే అనుకుందాం. కానీ నాతో ఒక్క మాట అనాలని అనిపించలేదా? నెలాఖరు వారం రోజుల్లో ఉంది. అప్పటిదాకా ఆగితే నీ సొమ్మేం పోయేది?

నాకు ఒళ్లు మండుతోంది, పైగా భయంగా ఉంది. నిన్న ఆఫీసంతా కూర్చుని నా అల్మరా చూశారు. చప్పట్లు కొట్టారు. ఒకరు లేచి, “యార్డులో పన్నెండు గోడలు దొరకడం లేదట కదా?” అన్నారు. చీఫ్ నేను నోరు తెరవకముందే, “అది యార్డు సంగతి, మోడల్ సంగతి కాదు” అన్నారు. నేను తల ఊపాను. నిన్ను వదిలేసి తల ఊపానని ఇంటికి వచ్చాక అనిపించింది. ఈలోగా నువ్వు నా మీద కాగితం పెట్టావని తెలిసింది. ఇక ఏమనాలి?

నీ మేనకోడలు


ఫిబ్రవరి 25, మంగళవారం

ఒసే పిచ్చిదానా,

నీ మీద ఫిర్యాదా! నేనా? నీ జాబితాలో తప్పుందని నాకు కలలో కూడా తోచలేదు. ఆ కాగితం నా రాజీనామా. మార్చి పదో తేదీ నుంచి యార్డు బాధ్యత నా కింద పనిచేసే అమ్మాయికి అప్పగిస్తానని రాసిచ్చాను.

నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ నువ్వు ఇంకేదో అనుకుని కుమిలిపోతుంటే దాచి ఏం లాభం.

తాతయ్య మాట ఎత్తావు చూడు, అది నాకు ముల్లులా దిగింది. నువ్వు సరదాకి అన్నావు, నాకు తెలుసు. నీకు జ్ఞాపకమున్నది కళ్లజోడు. అప్పుడు నీకు ఏడేళ్లు. ఆ తరవాతి రెండేళ్లు ఆయన దగ్గర ఉన్నది నేను. ముందు కళ్లజోడు, తరవాత వీధి, తరవాత నేను. పొద్దున్నే పాలు తీసుకెళ్తే ఎంతో మర్యాదగా, “మీరు ఎవరి తాలూకమ్మా?” అని అడిగేవారు. రోజూ చెప్పేదాన్ని, మీ కూతుర్నండీ అని. “అలాగా, సంతోషం” అనేవారు. అంత మర్యాద పగవాళ్లకు కూడా వద్దు.

పన్నెండు గోడలే! వాటిని పోయించింది నేను, నీళ్లు పట్టించింది నేను, పక్కన నిలబడి పెయింటుతో నంబరు వేయించింది నేను. ఎక్కడ పెట్టించానో తెలియదు. పొద్దున ఆరింటికి వచ్చి స్టాండ్ల మధ్య తిరుగుతున్నాను. మధ్యాహ్నం అన్నం మానేసి తిరుగుతున్నాను. ఒకచోట నిలబడలేకపోతున్నాను. నిన్న మూడో స్టాండులో 117 కనబడింది. నీ జాబితాలో 117 ఇంకా పోయవలసినవాటిలో ఉంది. అంటే వరస తప్పి ముందే పోయించానన్నమాట, అదీ నాకు జ్ఞాపకం లేదు. అది చూశాక అక్కడే దిమ్మ మీద కూర్చుండిపోయాను.

ఇది గోడల వ్యవహారం, పిల్లా. నేను సరిగా పెట్టించలేదని తెలియక ఎవరైనా కింద నిలబడితే? అది జరగకముందే తప్పుకోవడం మంచిది. మీ నాన్నకు చెప్పకు. వాడు బస్సెక్కి వచ్చేస్తాడు.

ఉత్తరం కటువుగా రాసినందుకు ఏమనుకోకు. నీకు ఒసే అని రాస్తే ఏడుపు వస్తుందని అలా రాశాను.

నీ అత్త


ఫిబ్రవరి 28, శుక్రవారం

అత్తా,

ఉత్తరం అందింది. పని బాగా ఎక్కువగా ఉంది, వివరంగా తరవాత రాస్తాను. ఆ కాగితం మేనేజరు పైకి పంపకుండా చూడు. దేన్నీ మళ్లీ పోయించకు. నీ ఆరోగ్యం బాగానే ఉంది, నాకు తెలుసు. అన్నం మానకు.

నాన్నకు చెప్పలేదు.

నీ గీతల పిల్ల


మార్చి 3, సోమవారం

అత్తా,

శుక్రవారం నేను రాసింది ఉత్తరం కాదు, తప్పించుకోవడం. అప్పటికే నాకు తెలుసు. మంగళవారం సాయంత్రం నీ ఉత్తరంలో 117 అన్న అంకె చదవగానే అనుమానం వచ్చింది. మర్నాడు మోడల్ తెరిచి పాత లెక్కతో పోల్చి చూశాను. అది తెలిసిన తరవాత కూడా రెండు రోజులు నోరు మూసుకుని కూర్చుని, శుక్రవారం నీకు ఆ నాలుగు ముక్కలు రాశాను. ఎందుకంటే శుక్రవారం నా కాగితం వచ్చే రోజు. ఇంతకంటే వేరే కారణం లేదు. ఉంటే బాగుండేది.

జరిగింది ఇది. పోత అయిన ముక్కకు మోడల్‌లో తాళం వేయాలి. తాళం పడితే దాని నంబరు ఇక మారదు. వారానికోసారి ఆ తాళాలు వేయడం నా పని. జనవరి 30 దాకా వేశాను. ఆ తరవాత వారం నువ్వు పోయించినవాటికి వేయలేదు. అల్మరా మీద మోజులో పడి, నంబర్లు వరసగా లేవని చూడలేక, ఫిబ్రవరి 8న అన్నీ మళ్లీ వేయించేశాను. తాళం లేనివన్నీ నంబరు మార్చేసుకున్నాయి. నీ యార్డులో 117 అని పెయింటు వేసి ఉన్న గోడే నా జాబితాలో 131. అదే గోడ అత్తా. మూడో స్టాండులో నీ ఎదురుగానే ఉంది. నువ్వు పోల్చుకోవడానికి పాత డ్రాయింగులు కూడా లేకుండా తిప్పి పంపమన్నాను.

పన్నెండూ నావే. ఏది ఏదో, పాత నంబరు, కొత్త నంబరు విడి కాగితంలో రాశాను. చివరిదాని దగ్గర కాస్త ఆలస్యమైంది, అందుకే ఈ ఉత్తరం ఇవాళ పూర్తయింది. నువ్వు ఏదీ మరిచిపోలేదు. ఒక్కటి కూడా.

పొద్దున చీఫ్‌కి చెప్పాను. ఆయన తెర వైపు చూసి, “యార్డులో ఆవిడకు ముందు చెప్పావా, నాకు ముందు చెబుతున్నావా?” అని అడిగారు. మీకే అన్నాను. “తప్పు” అన్నారు. ఇంకా చేతికి రాని నా కాగితం మూడు నెలలు వెనక్కి పోయింది. ఆయన దగ్గర కంటే నీ దగ్గరే మొహం చెల్లడం లేదు. తాతయ్య మాట అన్న నోటిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

తిట్టు. “మీరు” అని మాత్రం రాయకు.

నీ గీతల పిల్ల


మార్చి 4, మంగళవారం

ఒసే! ఒసే! ఒసే!

మూడుసార్లు రాశాను, చాలా? చుట్ట విప్పి నీ ఉత్తరం స్టాండు దగ్గర నిలబడే చదివాను. చదివి నవ్వానట. క్రేను నడిపే ఆయన కిందికి దిగి వచ్చి “అమ్మా, బాగానే ఉన్నారా?” అన్నాడు. “బ్రహ్మాండంగా ఉన్నాను, నా బుర్రకు ఏమీ కాలేదు” అన్నాను. పాపం, ఇంకా కంగారుపడ్డాడు.

నిన్ను తిట్టాలి. తిడతాను, తీరిగ్గా. ముందు నీ కాగితం పట్టుకుని 117 దగ్గరికి పోయి టేపు పెట్టి కొలిచాను. కిటికీ అంచు నుంచి మూల దాకా నీ 131 కొలతే, అణువు తేడా లేదు. ఈ పని మూడు వారాల కిందటే చేసి ఉంటే ఆ రోజే తేలిపోయేది. చేయలేదు. నంబరు మీద నాకు అనుమానం రాలేదే, నా మీదే వచ్చింది. అది నీ తప్పు కాదు.

సాయంత్రానికి ఏడు దొరికాయి. పాత నంబరు కొట్టేసి కొత్తది వేయిస్తున్నాను. మూడు వారాలకి ఇవాళ ఆకలేసింది. రేడియో హారను కొడుతున్నాడు, కానీ ఈ ఉత్తరం ఇవాళ పంపను. పన్నెండూ చూసి శుక్రవారం పంపుతాను.


మార్చి 7, శుక్రవారం

అదే కాగితం మీద రాస్తున్నాను.

పదకొండు దొరికాయి. పన్నెండోది 204, పిట్టగోడ. దాని పాత నంబరు 88 అని రాశావు.

గీతల పిల్లా, 88 జనవరి మొదటి వారంలో లారీ ఎక్కింది. ఎక్కించింది నేను. కింది మూల చిట్లితే తాడు కట్టినవాణ్ణి తిట్టింది నేను. ఆ రోజు చినుకులు పడుతున్నాయి, లారీ వెనక తలుపు గొళ్లెం పట్టలేదు. నాకు అంతా జ్ఞాపకముంది. పైగా నీ జాబితా ప్రకారం 204 పోసింది జనవరి 22న. జనవరి 30 దాకా పోసినవాటికి తాళం వేశానని నువ్వే రాశావు. తాళం వేసినదాని నంబరు ఎలా మారుతుందే? చిన్నప్పుడూ ఇంతే, చేతులు వెనక్కి పెట్టుకుని అబద్ధం చెప్పేదానివి, మసి మోచేతుల దాకా ఉండేది.

పన్నెండోది నీది కాదు.

క్రేను నడిపే ఆయన్ని అడిగాను. అతను నావైపు వింతగా చూశాడు. “షెడ్డు వెనక నీళ్ల డ్రమ్ముల కింద ఉంది కదమ్మా. బురదలో దిగబడుతున్నాయని, అవసరమయ్యేదాకా ఆ పిట్టగోడ వేయమని మీరే చెప్పారు. దగ్గరుండి వేయించారు” అన్నాడు. వీటన్నిటి కోసం మూడు వారాలు తిరిగానే, రోజూ ఆ డ్రమ్ముల్లోనే చేతులు కడుక్కున్నాను. అతను చెప్పిన తరవాత కూడా నాకు జ్ఞాపకం రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. వాన తెలుసు, బురద తెలుసు, నేను చెప్పడం మాత్రం లేదు. అక్కడ ఏమీ లేదు.

నిన్నంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడుతున్నాను, నీతోనే ముందు.

ఒక పిట్టగోడ మరవడం పెద్ద జబ్బు కాకపోవచ్చు. పని ఒత్తిడిలో ఎవరైనా మరుస్తారు. లేదా అదే కావచ్చు. తేల్చుకోవాలి. వచ్చే గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు రా. నేను చెప్పవలసింది చెబుతాను, నేను వదిలేసింది నువ్వు చెప్పాలి. మీ నాన్నకు కూడా చెప్పు, వస్తే రానీ. వాడి ముందు దాక్కుని ఎన్నాళ్లు తిరుగుతాను?

మేనేజరు నా రాజీనామా తిరిగి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు, చింపనివ్వనూ లేదు. “నీ సొరుగులో ఉంచు, డాక్టరు చెప్పాక చూద్దాం” అన్నాను. అప్పటిదాకా నేను ఏది ఎక్కడ పెట్టించినా నా కింది అమ్మాయి పక్కన నిలబడి రాసుకుంటుంది, ఇద్దరం సంతకం పెడతాం. ఆ కాగితం ప్రతి వ్యానులో నీకు వస్తుంది. నీ అల్మరాలో ఇంకో వరస చేర్చు. ముక్క ఎక్కడుంది, ఎవరు పెట్టించారు, ఎందుకు పెట్టించారు. ‘ఎందుకు’ తప్పకుండా ఉండాలి. ఆ ‘ఎందుకు’ ఉంటే నేను మళ్లీ కనుక్కోగలను.

నా కోసం అబద్ధం చెప్పావు. చదివినప్పుడు కోపం వచ్చింది, తరవాత కళ్లనీళ్లు వచ్చాయి. రెండు రోజులు హాయిగా అన్నం తిన్నానంటే నీ చలవే. కానీ మళ్లీ చెప్పకు. మీ తాతయ్యకు నేను అలాగే చెప్పేదాన్ని, ఏం ఫరవాలేదు, అందరూ మరుస్తారు అని. చెప్పీ చెప్పీ ఆయన చూపించుకోవలసిన రోజులన్నీ దాటించాను. నాకు నువ్వు ఆ పని చేయవద్దు.

ఇవాళ మధ్యాహ్నం డ్రమ్ములు తీయించి 204ను పైకి లేపించాం. పగుళ్లు లేవు. లోపలి వైపు మూడు డ్రమ్ముల అడుగులు పడి మూడు గుండ్రటి మచ్చలు ఉన్నాయి, కడిగినా పోలేదు. ఆరో అంతస్తు పైన మేడ మీదికి వెళ్తుంది కనుక ఫరవాలేదని బిల్డింగు దగ్గరివాళ్లు అన్నారు. ఆ మచ్చలు నీ మోడల్‌లో ఉండవు. 204 పక్కన రాసి పెట్టు, మా అత్త పెట్టించింది, డ్రమ్ములు బురదలో దిగబడకుండా, అని.

నీ అత్త